రెండు దశల రాకెట్టుకు తలకిందుల సలహాలు

ఎత్తుకు ఎగరాలని రెండు దశల రాకెట్ కట్టకండి. ఎత్తే కావాలంటే ఒకే గొట్టంలో పెద్ద మోటారు పెట్టుకోండి. ఖర్చు తక్కువ, తంటా తక్కువ, తిరిగి దొరికే అవకాశం ఎక్కువ. రెండో దశ కట్టేది ఒక్క క్షణం కోసం. కిందిది ఆరిపోయి రాలిపోతుంటే పైది భగ్గున అంటుకునే క్షణమది. అది మన కంటికి కనబడాలి. కనబడనంత ఎత్తులో జరిగితే, వారాల తరబడి బాల్సా చెక్క అరగదీసిన పిల్లలకు మిగిలేది ఒక పొగ గీత. నేను ఇక్కడ చెప్పేవన్నీ ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే. అలవాటుపడ్డవాళ్లను అడిగితే వీటిలో సగం తప్పంటారు. అయినా ఇలాగే కట్టమంటాను.

శ్రీహరికోట ప్రయోగాలు టీవీలో చూస్తూ పెరిగినవాళ్లకు ‘మొదటి దశ విడిపోయింది’ అన్న ప్రకటన కొత్తేమీ కాదు. కానీ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ రాలేసరికి రాకెట్ పదుల కిలోమీటర్ల పైన ఉంటుంది. మనం చూసేది తెర మీద కదిలే చుక్కని. 1963 నవంబరు 21న తుంబా నుంచి లేచిన నైక్-అపాచీ, అంటే మన దేశపు నేల మీంచి ఎగిరిన తొలి సౌండింగ్ రాకెట్, అదీ రెండు దశలదే. పెద్ద రాకెట్లు దాచేసే ఆ ఘట్టాన్ని కళ్లెదుట చూసే వీలు చేతితో చేసిన అట్ట రాకెట్ ఒక్కటే ఇస్తుంది. ఆ వీలును ఎత్తు కోసం పోగొట్టుకోకండి.

ఈ సలహాలు ముఖ్యంగా అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లకు. అక్కడ హాబీ షాపుల్లో తయారు మోటార్లు దొరుకుతాయి, క్లబ్బుల మైదానాలుంటాయి. ఇంట్లో చేసిన రాకెట్ అంటే మోటారు కూడా ఇంట్లోనే చేయాలని కాదు. గొట్టం, రెక్కలు, ముక్కు, పారాచూట్ అన్నీ మీ చేత్తో చేయండి. మోటారు మాత్రం కొనండి. నెబ్రాస్కాలోని నార్ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్ 1950లలో తయారు మోటారుతో ఎగిరే రాకెట్ చేసి చూపించాడు. 1950ల చివర్లో వెర్న్ ఎస్టెస్ ఆ మోటార్లను యంత్రం మీద తయారుచేయడం మొదలుపెట్టాడు. ఆ యంత్రానికి మేబెల్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. మందు దంచే పని పిల్లల చేతుల్లోంచి పోయాకే ఈ హాబీ పెరిగింది. ఆ పనిని మళ్లీ గ్యారేజీలోకి తేకండి.

ఇక మోటారు ఎంపిక. అందరూ కింద సి6-0, పైన సి6-7 పెట్టమంటారు. మీరు కింద బి6-0, పైన ఏ8-5 పెట్టండి. అక్షరం మారినకొద్దీ మొత్తం తోపు రెట్టింపవుతుంది. ఏ అంటే 2.5 న్యూటన్-సెకన్ల దాకా, బి అంటే 5 దాకా, సి అంటే 10 దాకా. అక్షరం పక్క అంకె సగటు తోపు, గీత తర్వాతది ఇంధనం అయిపోయాక పారాచూట్ విసరడానికి ముందు ఆగే సెకన్లు. సున్నా అంటే ఆగడం లేదు, కింది దశకు పనికొచ్చేది అదొక్కటే. బి6-0 సెకనులోపే కాలిపోతుంది. తొంభై గ్రాముల రాకెట్ అప్పటికి సుమారుగా ఇరవై, పాతిక మీటర్ల ఎత్తులో ఉంటుంది. మెడ పూర్తిగా ఎత్తకుండానే రెండో మంట చూడొచ్చు. సి6-0 అయితే దాదాపు రెండు సెకన్లు కాలుతుంది, ఆ లోపల రాకెట్ చాలా పైకి పోతుంది, గాలికి ఒరగడానికి కావలసినంత సమయం కూడా దొరుకుతుంది. పై దశ మోటారుతో కలిపి యాభై గ్రాములు దాటకూడదు. తూకం వేయకుండా నమ్మకండి.

షాపులో బి6-4 కూడా అదే వరుసలో వేలాడుతూ ఉంటుంది. తొందరలో దాన్ని కింది దశలో పెట్టారంటే అది కాలిపోయి నాలుగు సెకన్లు ఊరుకుంటుంది. రాకెట్ వేగం తగ్గి ముక్కు కిందికి వాలే వేళకు పేలి, పై మోటారు అంటుకున్నా అంటుకోవచ్చు, అదీ నేల వైపు తిరిగి. ఈ హాబీలో నాకు నిజంగా భయమనిపించే పొరపాటు ఇదే. ఎస్టెస్ మోటార్ల మీద బూస్టర్, అంటే కింది దశ మోటారు, అక్షరాలు ఎరుపు, పై దశవి ఊదా, ఒకే దశవి ఆకుపచ్చ. రంగు చూసి ఊరుకోకుండా, గొట్టంలో పెట్టే ముందు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు విని అవునన్నాకే లోపలికి తోయాలి. బి6-0ను తిప్పి ముందు వైపు చూడండి. మిగతా మోటార్లకు అక్కడ మట్టి మూత ఉంటుంది, దీనికి నల్లని ఇంధనమే బయటికి కనిపిస్తుంది. ఆ నలుపు కనబడకపోతే అది మీ బూస్టర్ కాదు.

తర్వాతి సలహా వింటే ఎవరైనా వద్దంటారు. రెండు మోటార్లనూ ఊడిపోయేలా అతికించండి. పై మోటారు నాజిల్‌ను కింది మోటారు తల మీద ఆనించి, చుట్టూ పల్చటి సెల్లోఫేన్ టేపు ఒకే ఒక్క చుట్టు తిప్పండి. ఆ టేపు ఎంత పల్చనంటే, కింద అచ్చువేసిన అక్షరాలు చదవొచ్చు. అంచులు ఒకదాని మీద ఒకటి వేలి గోరంత ఎక్కితే చాలు. మైదానంలో పిల్లలు తప్పకుండా అడుగుతారు, “అంకుల్, ఇది ఊడిపోతుంది కదా?” అని. ఊడిపోవాలనే పెడుతున్నాం. కింది ఇంధనం కాలుతూ కాలుతూ పైకొస్తుంది. చివరి పొర పగిలిన మరుక్షణం వేడి వాయువు, నిప్పు రవ్వలు నేరుగా పై నాజిల్‌లోకి దూసుకుపోతాయి. టేపే లేకపోతే ఆ ఒత్తిడికి రెండు దశలూ మంట తగలకముందే విడిపోతాయి. డక్ట్ టేపో జిగురో వేస్తే పైది అంటుకున్నా కిందిది వదలదు. పల్చని టేపు ఆ రెప్పపాటు పట్టుకుని, కాలి, వదిలేస్తుంది. అందుకే పై మోటారులో ఇగ్నైటర్, అంటే మోటారును వెలిగించే తీగ, పెట్టకండి. పెడితే భద్రం అనిపిస్తుంది గానీ అది ఆ సన్నని నాజిల్‌కు అడ్డమే. మొత్తం రాకెట్టుకు ఒక్కటే ఇగ్నైటర్, అదీ కింద.

ఇదంతా బ్లాక్ పౌడర్ మోటార్లకే. కాంపోజిట్ మోటార్లను ఇలా ఒకదాని మంటతో ఒకటి వెలిగించలేం, వాటికి లోపల ఎలక్ట్రానిక్స్ కావాలి. నైక్-అపాచీలో కూడా నైక్ కాలిపోయి రాలాక, అపాచీ కాసేపు ఊరికే పైకి సాగి, ఆ తర్వాతే వెలిగేది. పల్చని గాలిలోకి వెళ్లాక వెలిగితే ఎత్తు కలిసొస్తుంది. మనకు ఎత్తు అక్కర్లేదన్నాం కాబట్టి ఆగనే వద్దు. వేగం ఉన్నప్పుడే, ముక్కు నిటారుగా ఉన్నప్పుడే పైది అంటుకోవాలి.

టేపు వేశాక పై మోటారును పై దశలోకి గట్టిగా తోసి, బూస్టర్‌ను కింది నుంచి తొడగండి. మోటార్లు వాటి వాటి గొట్టాల్లో బిగువుగా ఉండాలి. గొట్టాల మధ్య అతుకు మాత్రం వదులుగా ఉండాలి. పై దశను పట్టుకుని లేపితే టేపు బలం తప్ప ఇంకేదీ బూస్టర్‌ను మోయకూడదు. ఆ అతుక్కి రంగు వేయకండి. ఒక్క పూత రంగు చాలు, బిగుసుకుపోతుంది.

బూస్టర్‌కు పారాచూట్ వద్దు. అది చక్కగా ఎగరడమే మనకు వద్దు. పొట్టిగా, రెక్కలు వెడల్పుగా చేస్తే, పై దశ విడిపోయాక దాని బరువంతా వెనక్కి పడి, గింగిరాలు కొడుతూ మెల్లగా దిగుతుంది. సూటిగా ఎగిరే బూస్టర్ సూటిగా నేలలోకి దిగుతుంది కూడా. అందంగా, పొడుగ్గా, సన్నగా బూస్టర్ చేయాలని పిల్లలు సరదా పడతారు. వద్దని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

పై దశను తేలిక చేయాలని అందరూ తాపత్రయపడతారు. మీరు ముక్కులో బంకమట్టి పెట్టి బరువు పెంచండి. తారాజువ్వకు పుల్ల ఎందుకుంటుందో మనందరికీ తెలుసు, పుల్ల విరిగిన జువ్వ ఎటు పోతుందో కూడా తెలుసు. మన రాకెట్‌కు పుల్ల బదులు రెక్కలు. గాలి తోపు పనిచేసే పీడన కేంద్రం గురుత్వ కేంద్రం కంటే కనీసం ఒక గొట్టం వ్యాసమంత వెనక ఉండాలి. రెండు మోటార్ల బరువు తోక దగ్గర చేరేసరికి గురుత్వ కేంద్రం వెనక్కి జారిపోతుంది. దాన్ని ముందుకు లాగేది ముక్కులోని మట్టి, పీడన కేంద్రాన్ని వెనక్కి లాగేది బూస్టర్ పెద్ద రెక్కలు. ఈ లెక్కను జేమ్స్ బారోమన్ 1960లలో హాబీవాళ్లు కాగితం మీద వేసుకునేంత సులువు చేశాడు. ఇప్పుడు ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిపెడుతుంది. అది ఫిన్లాండ్‌లో ఒక విద్యార్థి సిద్ధాంతవ్యాసంగా మొదలైంది. లెక్క రెండుసార్లు వేయాలి, మొత్తం రాకెట్‌కు ఒకసారి, పై దశకు విడిగా ఒకసారి. చాలామంది మొదటిదే వేస్తారు. బూస్టర్ రాలాక పైన ఏం ఎగురుతుందో చూడరు. స్క్రీన్ మీద నమ్మకం కుదరకపోతే, మోటార్లు పెట్టి, గురుత్వ కేంద్రం దగ్గర దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పండి. ముక్కు ముందుకే పోతుంటే మంచిదే. దారం కట్టిన చోట సెల్లోఫేన్ ముక్క వేయండి, జారకుండా.

గొట్టం లావుదే తీసుకోండి, మోటారు కంటే రెట్టింపు వెడల్పున్నా ఫరవాలేదు. గాలి అడ్డు ఎక్కువై వేగం తగ్గుతుంది. మనకు కావలసింది అదే. రంగు మాత్రం నాసా బొమ్మలు చూసి తెలుపు వేయకండి, మబ్బులో కలిసిపోతుంది. పై దశ మెరిసే నారింజ, బూస్టర్ నలుపు. విడిపోయేది రెండు రంగులుగా కనబడుతుంది. పారాచూట్ చిన్నది చాలు, పొడవాటి రిబ్బన్ అయితే ఇంకా మేలు. మంట తగలకుండా కాలని వాడింగ్ కాగితం దాని కింద పెట్టడం మరవకండి. తొలిసారే రెండు దశలతో వెళ్లకండి. పై దశ ఒక్కదాన్నే ఏ8-3తో ఎగరేసి, సూటిగా పోతేనే బూస్టర్ తొడగండి.

గాలి సంగతి దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ నియమావళి గంటకు 20 మైళ్ల గాలి దాకా ఒప్పుకుంటుంది. రెండు దశలకు మీరు ఒప్పుకోకండి. రెక్కలున్న రాకెట్ గాలి వచ్చే వైపుకే ముక్కు తిప్పుతుంది. ఒకే దశ అయితే కాస్త ఒరిగి పోతుంది, నష్టం లేదు. రెండు దశలదైతే ఒరిగిన ముక్కుతోనే రెండో మోటారు అంటుకుంటుంది, అప్పుడది ఆకాశంలోకి కాదు, పక్క వీధిలోకి పోతుంది. రాకెట్‌ను నిలబెట్టి ఎగరేసే రాడ్‌ను గాలికి ఎదురుగా వంచి సర్దుకోమనే సలహా కూడా వినకండి. రాడ్ నిటారుగా, మామూలు మూడడుగులది కాక నాలుగడుగులది, కాస్త లావుది. తెల్లవారగానే వెళ్లండి. చెట్ల కొమ్మలు ఊగుతుంటే ఇంటికి తిరిగి రండి. పిల్లలు ముఖం ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి.

బి, ఏ కలిపితే మొత్తం తోపు సి వర్గంలోకి వస్తుంది. నియమావళి ప్రకారం దానికి 400 అడుగుల మైదానం చాలు. మీరు ఇంకా పెద్దదే చూసుకోండి. 15 అడుగుల దూరంలో నిలబడొచ్చని నియమావళి అంటుంది. మీరు 30 అడుగుల దూరంలో నిలబడండి. మీట నొక్కినా వెలగకపోతే తాళం తీసేసి, నిండా ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి. పైది అంటుకోకపోతే దానికి పారాచూట్ విసిరే మందు కూడా పేలదు, ముక్కు కిందికి పెట్టి అలాగే పడుతుంది. అందుకని పెద్దవాళ్లలో కనీసం ఒకరు ఫోన్ జేబులో పెట్టుకుని ఆకాశమే చూస్తుండాలి, పడుతుంటే అరవాలి. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ పరిగెత్తకూడదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఈ మోటార్లు అలా షాపుకెళ్లి తెచ్చుకునేవి కావు. అలాగని తారాజువ్వ విప్పి మందు తీయడం, ఇంట్లో కలపడం వద్దే వద్దు. లైసెన్సు లేకుండా చేస్తే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం, దానికంటే ముందు వేళ్లు పోతాయి. కూల్‌డ్రింక్ సీసా, నీళ్లు, సైకిల్ పంపు చాలు మొదలుపెట్టడానికి. గురుత్వ కేంద్రం, పీడన కేంద్రం, దారంతో తిప్పడం అన్నీ ఆ నీళ్ల రాకెట్టుకూ వర్తిస్తాయి.

ఎగిరాక అందరూ నారింజ రంగు వైపు పరిగెడతారు. మీరు ముందు బూస్టర్ వెతకండి. గడ్డిలో నల్లగా పడుంటుంది, ఆలస్యమైతే కనబడదు. దాని పై అంచు లోపలికి చూడండి. మసి చుట్టూ ఒకేలా ఉంటే మంట సూటిగా పైకి పోయింది. ఒక వైపే కాలి, ఇంకో వైపు అట్ట గోధుమ రంగులోనే మిగిలితే మోటార్లు వంకరగా ఆనాయి, ఈసారి టేపు వేసేటప్పుడు బల్ల మీద దొర్లించి చూసుకోండి. అంచు మెత్తబడితే కత్తిరించి కొత్త అతుకు వేయండి. రెండోసారి ఎగరేసేటప్పుడు కూడా అవే బి6-0, ఏ8-5 పెట్టండి. పెద్ద మోటారు పెడదామని ఎవరైనా అంటారు. వాళ్లకు ఒకే దశ రాకెట్ ఇంకోటి కట్టించండి.