శిలాఫలకం లేని వైజాగ్

విశాఖపట్నంలో ఏది పర్యాటక స్థలమో, ఏది కాదో తేల్చడానికి తిరుగులేని పరీక్ష ఒకటుంది. దాని ముందు రిబ్బను కట్టొచ్చా, లేదా? రెండు గుంజలు పాతి రిబ్బను కట్టి, పళ్లెంలో కత్తెర పెట్టి, పెద్దమనుషులు వరసగా నిలబడే వీలుంటే అది పర్యాటక స్థలం. వీల్లేకపోతే ఉత్త కొండ, ఉత్త ఇసుక, ఉత్త పాత బజారు. రెండు వేల ఏళ్ల కిందట తొట్లకొండ మీద విహారం కట్టుకున్న బౌద్ధ భిక్షువులు తెలివితక్కువవాళ్లు కాబోలు, ఒక్క శిలాఫలకం కూడా వేయించుకోలేదు. ఫలితం అనుభవిస్తున్నారు.

రిబ్బను పడ్డ వాటి వైభోగం చూడండి. 2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో ఫ్లోటింగ్ బ్రిడ్జిని అట్టహాసంగా ప్రారంభించారు. ఖర్చు కోటిన్నర పైమాటే. మర్నాటికల్లా దాని చివరనున్న వ్యూపాయింట్ వంతెనతో తెగతెంపులు చేసుకుని తన దారిన తాను తేలుతూ కనిపించింది. అదృష్టం, ఆ సమయానికి దాని మీద సందర్శకులెవరూ లేరు. ‘తెగిపోయింది’ అన్నారు జనం. ‘తెగలేదు, మేమే విడదీశాం, లంగర్ల పటుత్వం చూస్తున్నాం, ఇది మాక్ డ్రిల్’ అన్నారు అధికారులు. వాళ్ల మాటే నిజమనుకుందాం. ప్రారంభోత్సవం అయ్యాక లంగర్లు పరీక్షించడమంటే, మూడు ముళ్లూ పడ్డాక జాతకాలు కలిశాయా అని పంచాంగం తెరవడమే కదా!

మనిషి కట్టినవే కాదు, సముద్రం విసిరేసినవి కూడా ఈ ఊళ్లో ప్రాజెక్టులైపోతాయి. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకు ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ సరకు ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలో ఇరుక్కుంది. ఊరు ఊరంతా సెల్ఫీలకు పరుగెత్తింది. ఆ జనాన్ని చూసి పర్యాటక శాఖకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది: ఓడను రెస్టారెంటు చేసేద్దాం! ప్రకటనలు వచ్చాయి, ఊహాచిత్రాలు వచ్చాయి, రెస్టారెంటు మాత్రం రాలేదు. ఉప్పుగాలికి ఓడ తుప్పు పట్టే కార్యక్రమం ఒక్కటే అనుకున్న ప్రకారం సాగింది.

రుషికొండ కథ ఇంకా రంజైనది. అక్కడి బీచ్‌కి 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో అది చేజారింది. కారణం అంతుచిక్కని సముద్ర రహస్యమేమీ కాదు: చెత్త, వీధికుక్కలు, పనిచేయని సీసీ కెమెరాలు. అప్పుడు ఉరుకులు పరుగుల మీద ఊడ్చి, కడిగి, కొద్ది వారాల్లోనే జెండా తిరిగి తెచ్చుకున్నారు. కొద్ది వారాల్లో అయ్యే ఆ ఊడుపు అంతకుముందు రోజూ ఎందుకు కాలేదని అడగకూడదు. ఊడ్చే పనికి ప్రారంభోత్సవం ఉండదు.

ఆ బీచ్ పక్క కొండ మీద జనం బస చేసే హరిత రిసార్ట్ ఉండేది. పర్యాటకాభివృద్ధి పేరు చెప్పి దాన్ని పడగొట్టారు. పర్యాటకం పేరుతోనే వందల కోట్లు పోసి రాజభవనాల్లాంటివి లేపారు. కడుతున్నన్నాళ్లూ పర్యాటకుణ్ని మాత్రం దరిదాపులకు రానివ్వలేదు. 2024 జూన్‌లో తలుపులు తీసి కెమెరాలకు చూపిస్తే, స్నానాల గదుల వైశాల్యం చూసి రాష్ట్రమంతా నోరెళ్లబెట్టింది. పర్యాటకుడు లేని పర్యాటకానికి ఇంతకు మించిన నమూనా ప్రపంచంలో ఉంటుందా?

కైలాసగిరి మీద గాజు వంతెన వచ్చింది. ఒక కొసే ఆధారంగా గాల్లోకి చాచే (కాంటిలీవర్) గాజు వంతెనల్లో దేశంలోకెల్లా పొడవైనదట, 55 మీటర్లు. కాళ్ల కింద లోయ కనబడుతుంటే గుండె గుభేలుమంటుంది, బాగానే ఉంటుంది. ఎవరూ కాదనరు. అయితే ఏ కొండ ఊళ్లోనైనా గాజు వంతెన కట్టొచ్చు. కొంచెం పొడవైనది మరొకచోట లేచిన రోజున ఈ ఘనత కాస్తా గోవిందా.

ఈ బాపతు కానిది బీచ్ రోడ్డులోనే ఒకటుంది. కురుసుర జలాంతర్గామి. 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా నిలబడింది. లోపలికెళ్తే గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరాలి. మనిషి మీద మనిషి అన్నట్టుండే పడకలు, చేతికి తగిలే పైపులు, ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. ఆ ఇరుకులో డెబ్భై మందికి పైగా నెలల తరబడి బతికారని నౌకాదళంలో పనిచేసి రిటైరైన గైడ్లు చెబుతుంటే, అప్పటిదాకా ఐస్‌క్రీమ్ కోసం మారాం చేసిన పిల్లలు కూడా నోరు మూసుకుని వింటారు. దానికీ రిబ్బను కత్తిరించారు, నిజమే. కాకపోతే అది కత్తెర పడకముందే ముప్ఫై ఏళ్లకు పైగా అసలు పని చేసింది. తేడా అక్కడుంది.

అలా అసలు పని చేసినవి ఈ ఊళ్లో కోకొల్లలు. తొట్లకొండనే తీసుకోండి. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది, 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. స్తూపాలు, విహారపు గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు దొరికాయి. శాతవాహనుల సీసపు నాణేల పక్కనే రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఏ బ్రోచరూ లేని రోజుల్లోనే రోము సొమ్ము ఈ కొండెక్కింది! పునరుద్ధరించిన మహాస్తూపం మాత్రం 2019 వానలకు కూలింది.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలీ, అలలూ, వానా కలిసి పేర్చి చెక్కినవి. వాన నీరు కోసిన సందుల్లోకి దిగితే రెండు పక్కలా ఎర్రటి గోడలు, చేత్తో రాస్తే రాలే ఇసుక. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా లేవంటారు. భూవైజ్ఞానిక సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలమన్నారు. 2024 జులైలో ఆ ప్రాంతంలో ఇళ్ల స్థలాల కోసం యంత్రాలు దిగి తవ్వడం మొదలుపెడితే, ఊళ్లోవాళ్లు గోల చేశాకే ఆగాయి.

ఇక పాత ఊరు, వన్‌టౌన్. హార్బరు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద రాస్‌హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి. కింద కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం. అటుపక్క ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వంజరం, చందువ, రొయ్యల వేలంపాట. గంపలతో ఆడవాళ్లు బేరం తెగ్గొట్టే తీరు చూస్తే మేనేజ్‌మెంటు కాలేజీలు మూసేయొచ్చు. 1933లో రేవు తెరిచిందీ, 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడిందీ ఈ చుట్టుపక్కలే. ‘ఒక్క రోజులో వైజాగ్ మొత్తం’ అనే ప్యాకేజీల్లో ఈ వీధుల్లో ఒక్కటీ కనబడదు. ఆ రోజులో సగం కైలాసగిరి పార్కింగులో గడిచిపోతుంది.

అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, ఇంత హడావుడికీ ఆధారమైన ఇసుకే ఆర్కే బీచ్‌లో నిలవడం లేదు. హార్బరు అడ్డుగోడ దగ్గర దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆగిపోతుంది. పోర్టు తవ్వితీసిన ఇసుకను మళ్లీ తెచ్చి ఒడ్డున పోస్తే తప్ప బీచ్ బీచ్‌లా ఉండదు. ఊరి పర్యాటకాన్ని నిలబెడుతున్న ఆ పనికి ఇంతవరకు ఏ సెల్ఫీ పాయింటూ పెట్టలేదు.

2025 ఆగస్టులో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు వచ్చాయి. ఆర్కే బీచ్ నుంచి ఉత్తరంగా తొట్లకొండ దాకా తిప్పుతారు. దక్షిణాన కూతవేటు దూరంలో ఉన్న వన్‌టౌన్ ఆ దారిలో లేదు. కురుపాం మార్కెట్ సందుల్లో అంత బస్సు ఎలాగూ పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. మార్కెట్ మొదట్లో దారి చూపే ఒక బోర్డు, దిబ్బల దగ్గర ఒక కాపలాదారు, తొట్లకొండ మీద కురుసుర గైడ్లలాగా కథ చెప్పగలిగిన ఒక మనిషి ఉంటే చాలు. ఈ మూడు పనుల ఫైలు పట్టుకుని ఎవరైనా వెళ్తే మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘ఇందులో ముఖ్య అతిథి ఎక్కడ నిలబడాలండీ?’