కీబోర్డుల ఉద్ధారకుడు

వెర్రి వెయ్యి విధాలని పెద్దలు లెక్క తేల్చేసిన తర్వాత పుట్టుకొచ్చిన వెర్రులలో, పాత కంప్యూటర్ టెర్మినళ్ల కీబోర్డులను వెతికి కొని, విప్పి, కడిగి, బాగుచేసి దాచుకునే వెర్రి ఒకటి. టెర్మినల్ అంటే సొంతంగా ఏ పనీ చేయలేని ఒక తెర, దాని ముందు ఒక కీబోర్డు. 1970, 80 దశకాలలో అసలు కంప్యూటర్ ఎక్కడో చల్లని గదిలో బీరువాలంత ఎత్తున నిలబడి ఉండగా, దాని నుంచి తీగలు లాగిన టెర్మినళ్ల ముందు గుమాస్తాలు కూర్చుని బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలు, విమానం టిక్కెట్లు ఎక్కించేవారు. ఇక్కడ వర్ణించబోయే సేకర్తకు ఆ కంప్యూటర్ అక్కరలేదు, ఆ తెర అక్కరలేదు, ఆ గుమాస్తాల కష్టసుఖాలు అంతకన్నా అక్కరలేదు. అతని గురి అంతా మీటల మీదనే. అయినా తాను చేస్తున్నది చరిత్రను ఉద్ధరించే పని అన్న విషయంలో అతనికి లేశమైనా సందేహం లేదు.

ఈ జాతికి స్వస్థలం అమెరికా. ఐబీఎం, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వంటి సంస్థలు టెర్మినళ్లను తయారుచేసిన దేశమూ అదే, మూతపడిన కార్యాలయాల సామాను గిడ్డంగుల్లో దశాబ్దాల తరబడి చెక్కుచెదరకుండా పడి ఉండేంత చోటున్న దేశమూ అదే. సేకర్త సాధారణంగా వృత్తిరీత్యా ప్రోగ్రామరు, మితభాషి, పరోపకారి. కీబోర్డు ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రం ఈ మూడు గుణాలలో రెండవదాన్ని పూర్తిగా కోల్పోతాడు. సినిమాలో నాయిక ప్రాణం కొట్టుమిట్టాడుతున్నా అతని చూపు వెనక బల్లమీది కీబోర్డు మీదనే ఉంటుంది. అది 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎమ్ అనీ, కథ జరుగుతున్నది 1983లో అనీ, కాబట్టి దర్శకుడు చేసిన హత్యే అసలైన హత్య అనీ పక్కసీటువారికి విన్నవించేదాకా అతనికి ఊపిరాడదు.

చప్పుడు విషయంలో అతని పాండిత్యం అపారం. ఐబీఎం 1971లో ప్రవేశపెట్టిన 3270 తరగతి టెర్మినళ్ల కీబోర్డులలో బీమ్ స్ప్రింగ్ అనే ఏర్పాటు ఉండేది. మీట నొక్కగా నొక్కగా లోపలి లోహపు బద్ద వంగి, ఒక్కసారిగా టప్పుమని తిరగబడి, అడుగున ఉన్న చిన్న రేకును పైకి లేపుతుంది. రేకు లేవగానే అక్కడి విద్యుత్తు నిలువలో కలిగే మార్పును బట్టి మీట పడిందని యంత్రం గ్రహిస్తుంది. దీనికి వారసురాలిగా వచ్చిన బక్లింగ్ స్ప్రింగ్‌లో బద్దకు బదులు చుట్టలు చుట్టిన సన్నని స్ప్రింగ్ ఉంటుంది. అది కొంతమేర ఓర్చుకుని, ఆపైన ఓర్చుకోలేక పక్కకు కుంగి, గొట్టం గోడను తాకి చప్పుడు చేస్తుంది. ఈ రెండు చప్పుళ్ల తారతమ్యం మీద అతడు భోజనాల వేళ కూడా వాదించగలడు. బీమ్ స్ప్రింగ్ చప్పుడు చాలదనుకున్న ఐబీఎం ఇంజనీర్లు కొన్ని కీబోర్డుల పెట్టెలో ఒక సోలినాయిడ్‌ను, అంటే కరెంటు పారినప్పుడల్లా ఇనుప కడ్డీని ముందుకు తోసే విద్యుదయస్కాంతాన్ని కూడా అమర్చారు. ప్రతి మీటకూ ఆ కడ్డీ పెట్టెను ఠకీమని మోదేది. టైప్‌రైటరుకు అలవాటుపడిన చేతులకు మీట పడిందో లేదో అన్న అనుమానం కలగకూడదని చేసిన ఏర్పాటు అది. పెద్ద హాలులో వరుసగా కూర్చున్న గుమాస్తాలు జీతం పుచ్చుకుని భరించిన ఆ మోతను ఇతడు ఎదురు డబ్బిచ్చి కొనుక్కుంటాడు. సోలినాయిడ్ లేని కీబోర్డు దొరికితే, అది ఉన్నదాని కోసం మళ్లీ వెతుకుతాడు. ఇరుగుపొరుగువారు అతడిని గొప్ప రచయిత అనుకోవడానికి ఇంతకు మించి కారణం లేదు.

పార్సిలు విప్పిన రోజున అతని ప్రవర్తన పరిశీలించదగినది. ఐబీఎం మోడల్ ఎఫ్ జాతిలో 122 మీటల కీబోర్డు ఒకటుంది. దాని పరిమాణాన్ని బట్టి సేకర్తలు దానిని యుద్ధనౌక అని ముద్దుగా పిలుచుకుంటారు. దానిని రెండు చేతులతో ఎత్తి తువ్వాలు మీద బోర్లించి, అడుగున ఉన్న మరలు విప్పి, పెట్టె నుంచి ఉక్కు పలకల జోడును బయటికి తీసి, ఆ రెంటినీ జాగ్రత్తగా ఎడంచేస్తే, మధ్యన పరిచిన నురుగుపట్టీ, అంటే స్పంజిలాంటి ఫోమ్, ఏళ్ల తరబడి శిథిలమై నల్లని పొడిగా బల్లమీద రాలుతుంది. ఆ పొడి గోళ్లలో చేరుతుంది, చొక్కా మీద పడుతుంది, సోఫాకు అంటుకుంటుంది. ఇంటివారు దానిని మసి అంటారు, అతడు చరిత్ర అంటాడు. మీటల మధ్య దొరికే బిస్కెట్ ముక్కలు, వెంట్రుకలు, పేపరు క్లిప్పులు కూడా చరిత్రే కనుక వాటికి ముందుగా ఫొటోలు తీస్తాడు. మోడల్ ఎమ్ అయితే వ్యాధి వేరు: వెనుక ఉక్కు పలకను పట్టి ఉంచిన ప్లాస్టిక్ రివెట్ల తలలు కాలక్రమాన విరిగిపోయి, కీబోర్డును ఊపగానే లోపల గలగలమంటాయి. అప్పుడు మిగిలిన రివెట్లను కూడా తానే కోసివేసి, ఒక్కొక్క చోట రంధ్రం తొలిచి, రెండు మిల్లీమీటర్ల బోల్టులు బిగించడం శాస్త్రసమ్మతమైన చికిత్స. ఈ పనికి ఒక ఆదివారం సరిపోదు.

మీటల మీది ప్లాస్టిక్ తొడుగులకు కీక్యాప్‌లని పేరు. వాటిని ఊడదీసి, కట్టుడుపళ్లు శుభ్రం చేసే మాత్రలు కరిగించిన నీటిలో రాత్రంతా నానబెడతాడు. పసుపెక్కిన తొడుగులకు మాత్రం వేరే వైద్యం ఉంది. ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ వెలుతురుకూ వేడికీ కాలక్రమాన పసుపెక్కుతుంది. పీబీటీ అనే గట్టిరకం అంతగా రంగు మారదు. చాలా కీబోర్డులలో మీటలు పీబీటీతోనూ, పొడవాటి స్పేస్ బార్ ఏబీఎస్‌తోనూ చేయడం వల్ల, తెల్లని పలువరుసలో ఒక్క పన్ను గార పట్టినట్లు స్పేస్ బార్ మాత్రం పచ్చగా కనిపిస్తుంది. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి ఎండలో పెట్టే పద్ధతి 2008 ప్రాంతంలో ప్రచారంలోకి వచ్చింది. ఆ రసాయనం జుట్టు రంగు తేల్చే క్రీము రూపంలో సౌందర్య సాధనాల దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది కనుక, బట్టతల పెద్దమనిషి ఒకరు ఒక చేతిలో ఆ క్రీమూ, మరొక చేతిలో కట్టుడుపళ్ల మాత్రలూ పట్టుకుని నిలబడితే దుకాణదారు ఏమనుకోవాలో తోచక చిల్లర ఇచ్చేస్తాడు. తెల్లబడిన ప్లాస్టిక్ కొన్నేళ్లకు మళ్లీ పసుపెక్కడం కద్దు. ఆ సంగతి అతనికి తెలుసు, తెలియనట్లు ఉంటాడు.

అసలు చిక్కు కీబోర్డు బాగుపడ్డాకే మొదలవుతుంది. టెర్మినల్ కీబోర్డు నేటి కంప్యూటర్ భాష మాట్లాడదు. ఉదాహరణకు 1978లో డిజిటల్ సంస్థ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌కు కీబోర్డును కలిపేది గిటారుకు వాడే లావుపాటి ప్లగ్గు; పైగా టెర్మినల్ అటునుంచి ఆజ్ఞ పంపితేనే గాని ఆ కీబోర్డు ఏ మీట పడిందో విన్నవించదు. ఈ మర్యాదలన్నీ తెలిసిన దుబాసీగా కన్వర్టర్ అనే చిన్న సర్క్యూటు పలకను మధ్యలో పెట్టాలి. కీబోర్డు సరిగా ఉందో లేదో తెలియాలంటే కన్వర్టర్ పనిచేయాలి, కన్వర్టర్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే కీబోర్డు సరిగా ఉండాలి; పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు అన్న సామెత అక్షరాలా నిజమయ్యే సందర్భాలలో ఇదొకటి. నాలుగో రాత్రికో అయిదో రాత్రికో తెరమీద మొదటి అక్షరం పడుతుంది. అప్పుడు అతడు ఇంగ్లీషులోని ఇరవై ఆరు అక్షరాలూ వచ్చే గోధుమరంగు నక్క వాక్యాన్ని కొడతాడు. మళ్లీ అదే కొడతాడు. మరునాడు కూడా అదే కొడతాడు. అంతకు మించి కొట్టవలసిన విషయం అతని దగ్గర లేదు. ఆఫీసు ఉత్తరాలన్నీ ల్యాప్‌టాప్ మీదనే రాస్తాడు, ఎందుకంటే సోలినాయిడ్ మోతకు మీటింగులో అవతలివారి మాట వినపడదు.

యుద్ధనౌక మీద పైన రెండు వరుసలుగా 24 ఫంక్షన్ మీటలుంటాయి. వాటిలో సగానికి నేటి కంప్యూటర్లో పనేమీ లేదు కనుక పాటల శబ్దం పెంచడం, తగ్గించడం వంటి చిల్లర పనులు అప్పగిస్తాడు. ఈ మీటల పేర్లు తెలుగువారికి బొత్తిగా కొత్తవేమీ కావు. 1990ల చివర, కంప్యూటర్లలోని తేదీలను 2000 సంవత్సరానికి సరిదిద్దే పని ముంచుకొచ్చినప్పుడు, అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ పెద్ద కంప్యూటర్ల కోర్సు చేసినవారికి మూడో ఫంక్షన్ మీటతో బయటపడడం, ఏడు, ఎనిమిదింటితో పైకీ కిందకీ జరగడం వేళ్లకు పట్టిన విద్యే. అయితే వారు నేర్చింది మామూలు పీసీ తెరమీద 3270ని అనుకరించే ప్రోగ్రాములో. అసలు కీబోర్డును కంటితో చూసినవారు వారిలో అరుదు. ఐబీఎం 1978లో భారతదేశం విడిచి వెళ్లడం ఇందుకు ఒక కారణం. మన కార్యాలయాల్లో కండెమ్ చేసిన సామాను వేలంలో తుక్కు కింద తూకానికి పోవడం మరొక కారణం.

ఇక ఈ ఉద్ధారకుడి మీద ఉన్న అసలు ఫిర్యాదుకు రావాలి. టెర్మినళ్లను సంపూర్ణంగా సేకరించేవారి వర్గం ఒకటి వేరే ఉంది. తెర, కీబోర్డు కలిసి ఉంటేనే అది టెర్మినల్ అని వారి సిద్ధాంతం. తెర బరువైన పెట్టె, కీబోర్డు చంకన పెట్టుకుపోగలిగేది. కాబట్టి అమ్మేవాడు కీబోర్డును విడిగా మంచి ధరకు అమ్మి, తెరను చెత్తలో పారేస్తాడు. ఉద్ధారకుడి గిరాకీ వల్ల కీబోర్డు బతుకుతుంది, టెర్మినల్ చస్తుంది. ఈ మాట ఎత్తితే అతడు కాసేపు నొచ్చుకుని, తాను కొనకపోతే రెండూ చెత్తలోకే పోయేవని వాదిస్తాడు; ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు గాని, అతని అలమరలోని కీబోర్డులన్నిటికీ కలిపి ఇంట్లో ఒక్క తెర కూడా లేదన్న సంగతి దానితో మాసిపోదు. 1976లో వచ్చిన లియర్ సీగ్లర్ ఏడీఎమ్-3ఏ మాత్రం అతనికి కొంతవరకు లొంగలేదు. దాని మీటలు తెర పెట్టెలోనే ఇమిడి ఉండడం వల్ల విడదీయడం తేలిక కాదు. బిల్ జాయ్ అనే ప్రోగ్రామరు వీఐ అనే ఎడిటర్‌ను, అంటే పాఠాన్ని రాసి దిద్దుకునే ప్రోగ్రామును, రాసింది ఈ టెర్మినల్ మీదనే. దీని హెచ్, జే, కే, ఎల్ మీటల మీద బాణం గుర్తులుండబట్టే నేటికీ ఆ ఎడిటర్లో కర్సరు ఆ నాలుగు అక్షరాలతో కదులుతుంది. దీనిని చూసినప్పుడల్లా మన సేకర్త చూపు మరల మీదికి పోతుంది.

కనుక ఏ మూతపడిన కార్యాలయంలోనో, ఏ బంధువుల గ్యారేజీలోనో పాత టెర్మినల్ కనిపించినవారు, ఎవరెంత ధర చెప్పినా సరే, కీబోర్డును ఒక్కదాన్నే ఇవ్వకుండా తెరతో కలిపే ఇవ్వాలి. తెర మోయలేనని అతడు నసిగితే, మోయగలిగిన మరొక సేకర్త వచ్చేదాకా ఆగాలి.