ఎఱ్ఱద్దం పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. ఎండ లేని వేళ నెఱ్ఱద్దమేలరా
స్టాండు లేని చోట షట్టరేల
ఫిల్ము చూడకుండ ఫిల్టరు కొన్నచో
తెల్ల రీలె మిగులు తెలియుమన్న

అవతారిక: కబ్బన్ పార్కు చెట్లను ఇన్‌ఫ్రారెడ్‌లో తీయబోతున్న ఒక ఉత్సాహవంతుడికి ఉపదేశం. మూలమూ నాదే, టీకా నాదే కనుక పాఠభేదాల తగువు లేదు.

టీక: ఎండ లేని వేళన్ = మబ్బు పట్టినప్పుడు, అనగా బెంగుళూరులో జూన్ మొదలు సెప్టెంబరు దాకా చాలా దినములందు; ఎఱ్ఱద్దము = 720 నానోమీటర్లకు అటువైపు కాంతినే పోనిచ్చే ఆర్72 ఫిల్టరు; ఏలరా = ఎందుకురా; స్టాండు = ట్రైపాడ్; తెల్ల రీలు = కడిగాక ఏ బొమ్మా లేక అద్దంలా తేలిన నెగటివు.

శంక: మొదటి పాదంలో 'రా' అని, చివర 'అన్న' అనవచ్చునా? అనవచ్చు. నడుమ ఫిల్టరు ధర తెలిసింది.

తాత్పర్యం: ముందు ఫిల్ము ఎంతదాకా చూడగలదో తెలుసుకుని, దానికి తగిన ఫిల్టరు కొని, ఎండలో స్టాండు వేసి తీయవలెను.

విశేషాలు: పద్యానికి ప్రాణం మూడో పాదం. హెచ్‌పీ5 వంటి మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు 650 దాటాక చూపు మందగిస్తుంది. దాని ముందు ఆర్72 బిగిస్తే గుడ్డివాడికి నల్లకళ్లద్దాలు పెట్టినట్టే. ఇల్ఫోర్డ్ ఎస్ఎఫ్ఎక్స్ 200 సుమారు 740 దాకా చూస్తుంది; ఆర్72తో దానికి మిగిలేది సన్నని సందు. రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 అయితే 820 దాకా వెళ్తుంది. పాతకాలపువారు కొడాక్ హెచ్ఐఈని తలచుకుని నిట్టూరుస్తారు. అది 900 దాకా చూసేది. వెనుక కాంతిని ఆపే పూత లేనందున వెలుగులన్నిటి చుట్టూ ప్రభామండలం కట్టేది. 2007లో దాన్ని ఆపేశారు. నిట్టూర్పుకు రీలు దొరకదు కదా!

రెండో పాదానికి లెక్క ఉంది. ఫిల్టరు బిగించాక ఆ రోలై 400 ఫిల్ము వేగాన్ని (ఐఎస్ఓ) 6గానో 12గానో ఎంచాలి. 6 అనుకుంటే మంచి ఎండలో ఎఫ్11 దగ్గర సెకనులో పన్నెండో వంతు. చెయ్యి నిలవదు. పైగా ఎస్ఎల్ఆర్ కెమెరాలో ఫిల్టరు బిగిస్తే వ్యూఫైండరు చీకటి. ముందు ఫోకస్ చేసి, ఆ దూరాన్ని పాత లెన్సు మీద ఇన్‌ఫ్రారెడ్ కోసం ఉండే ఎర్ర గుర్తుకు జరిపి, ఆపైన బిగించాలి.

ఇంత తంటా ఎందుకంటే, ఆకులోని పత్రహరితం ఎరుపును మింగి ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలేస్తుంది. లోపలి కణాలు దాన్ని తిప్పికొడతాయి. అందుకే లాల్‌బాగ్ చెట్లు మంచు కురిసినట్టు తెల్లగా, చెరువు నల్లగా వస్తాయి. ఇది వినోదమే కాదు. 1970లో శాస్త్రవేత్త పి.ఆర్. పిషరోటి బృందం హెలికాప్టరు నుంచి ఇన్‌ఫ్రారెడ్ రంగు ఫిల్ముతో కేరళ కొబ్బరితోటల్లో తెగులు పట్టిన చెట్లను గుర్తించింది. 1988లో ఇస్రో పంపిన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహం కెమెరాలకూ ఇన్‌ఫ్రారెడ్ చూపు ఉండేది.

టీకాకారుడి తీర్పు: మొదటిసారికి రోలై 400, ఆర్72 జంటే కొనండి. రీలును నీడలో ఎక్కించండి. జనవరి ఎండలో వెళ్లి, ఒక్కో దృశ్యాన్ని ఎక్స్‌పోజరు మార్చి మూడేసిసార్లు తీయండి.