అందుకోరాదు
(టీకా తాత్పర్య సహితము)

మూలము
బరువు గల బండి వెలుగు వడిని అందుకోరాదు.

అవతారిక
వ్యాఖ్య రాయాలని చాలాకాలంగా చేతి దురద. మంచి మూలాలన్నిటికీ మహామహులు ఏనాడో రాసేశారు. చేసేది లేక మూలం కూడా నేనే రాసుకున్నాను. పద్యమేమోనని గణాలు లెక్కపెట్టకండి, తప్పుతాయి. వాక్యం నాదైనా విషయం 1905 నాటిది. అప్పట్లో బెర్న్ పేటెంటు ఆఫీసులో మూడో తరగతి ఉద్యోగి అయిన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌ది.

ప్రతిపదార్థము
బరువు గల = ద్రవ్యరాశి కలిగినట్టి (బరువు వేరు, ద్రవ్యరాశి వేరని ఫిజిక్సు మాస్టార్లు అభ్యంతరం చెబుతారు; ఇచట లాక్షణికమని సమాధానం); బండి = రాకెట్టు గాని, ఎలక్ట్రాను గాని, మా వీధిలో స్కూటరు గాని; వెలుగు వడిని = శూన్యంలో కాంతి వేగాన్ని, అనగా సెకనుకు 29,97,92,458 మీటర్లను; అందుకోరాదు = చిక్కంతా ఇక్కడే ఉంది, కింద చూడండి.

మూలంలో లేని 'శూన్యం' వ్యాఖ్యాతకెక్కడిది అంటారేమో. నీళ్ళలో వెలుగు మందగిస్తుంది, శూన్యంలోని వేగంలో ముప్పావు వంతే పోతుంది. అక్కడ ఎలక్ట్రాను దాన్ని నిక్షేపంగా దాటేస్తుంది. అణు రియాక్టరు కొలనులో కనిపించే నీలి వెలుగు అలా దాటడం వల్ల పుట్టిందే. ఇలాంటి వెలుగును 1934లోనే చెరెంకోవ్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఆ ఒక్క మాట చేర్చకపోతే నా సూత్రం ఆ కొలనులోనే మునిగేది.

'అందుకోరాదు' విచారము
తెలుగులో 'రాదు' ఒక్కటి కాదు. 'ఇచ్చట వాహనములు నిలుపరాదు' అన్నప్పుడు అది నిషేధం. సరిగ్గా ఆ బోర్డు కిందే నాలుగు బళ్ళు నిలిచి ఉంటాయి. చేయగలిగినదాన్నే కదా వద్దంటారు! 'చెప్పరాని బాధ', 'మరువరాని మేలు' అన్నచోట ఎవరూ ఎవరినీ వద్దనలేదు. అది శక్యం కాదు, అంతే. మన సూత్రంలోది మొదటి రాదు అనుకునేవాళ్ళే ఎక్కువ. అందుకే "ఇంకా పెద్ద ఇంజను పెడితేనో?" అని అడుగుతారు, చలానా కట్టేస్తే సరిపోతుందన్నట్టు.

పూర్వపక్షం: తోస్తే వేగం పెరుగును. ఇంకా తోస్తే ఇంకా పెరుగును. తోస్తూనే ఉంటే ఏదో ఒకనాడు అందుకోక చస్తుందా?

దీనికి తర్కంతో కాదు, గడియారంతో జవాబు చెప్పినవాడు విలియం బెర్టోజీ. అమెరికాలో ఎంఐటీలో చేసిన ప్రయోగాన్ని 1964లో ప్రచురించాడు. ఎలక్ట్రాన్లను అంతకంతకూ గట్టిగా తోసి, 8.4 మీటర్ల దూరాన్ని ఎంతసేపట్లో దాటాయో కొలిచాడు. 15 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పుచ్చుకున్న ఎలక్ట్రాను న్యూటన్ లెక్కన కాంతికి ఏడున్నర రెట్ల వేగంతో పోవాలి. పోలేదు. కాంతి దరిదాపుల దాకా వచ్చి ఆగింది. శక్తిని మధ్యలో ఎవరైనా కాజేశారా అన్న అనుమానం రాకుండా, ఎలక్ట్రాన్లు చివర గుద్దుకున్న అల్యూమినియం దిమ్మ ఎంత వేడెక్కిందో కూడా చూశాడు. ఇచ్చిన శక్తికి లెక్క సరిపోయింది. తోపు పూర్తిగా చేరింది, వేగం మాత్రం ఆ మేరకు పెరగలేదు.

మరి ఆ శక్తి ఏమైనట్టు? వేగంతోపాటు ద్రవ్యరాశీ పెరిగిపోతుందని పాత వ్యాఖ్యాతలు. పెరిగేవి శక్తీ, ద్రవ్యవేగమే గాని ద్రవ్యరాశి కాదని నవీనులు. పెరిగే ద్రవ్యరాశి అనే మాటే మంచిది కాదని ఐన్‌స్టీన్ 1948లో ఒక ఉత్తరంలో రాశాడు. నా ఓటు నవీనులకే. పరిగెత్తి లావెక్కినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో, 2000 దాకా నడిచిన యంత్రం ఎలక్ట్రాన్లను వెలుగు పక్కన ఇంచుమించు భుజం భుజం రాసుకునేలా పరిగెత్తించింది. చివరికి మిగిలిన తేడా సెకనుకు మూడున్నర మిల్లీమీటర్లు. నత్త నడక! ఆ తేడాను సగం చేయాలంటే శక్తిని 41 శాతం పెంచాలి. మిగిలినదాన్ని సగం చేయాలంటే, పెంచినదాని మీద మళ్ళీ 41 శాతం. చక్రవడ్డీ. అసలు తీరే రోజు మాత్రం లేదు.

తాత్పర్యము
ఇప్పటిదాకా చెప్పింది గట్టున నిలబడి చూసేవాడి గోడు. పరిగెత్తేదాని పక్షాన చూస్తే సంగతి మరీ విడ్డూరం. పదహారేళ్ళప్పుడు ఐన్‌స్టీన్, వెలుగు కిరణం వెంట అంతే వేగంతో పరిగెడితే ఏం కనిపిస్తుందని ఆలోచించాడు. పదేళ్ళకు తేలిన జవాబు: నువ్వెంత వేగంగా తరిమినా, నీ కొలతలో వెలుగు నీనుంచి అదే 29,97,92,458 మీటర్ల చొప్పున పారిపోతూ ఉంటుంది. ఒక్క మీటరు తగ్గదు. అంటే పందెంలో నువ్వింకా బయలుదేరిన గీత మీదే ఉన్నావు. కాంతి వేగంలో సగంతో పోయే రైల్లో, రైలు లెక్కన మరో సగంతో ముందుకు ఉరికేవాడు ప్లాట్‌ఫారం లెక్కన పోయేది నూరు శాతంతో కాదు, 80 శాతంతోనే. రైలు గడియారమూ ప్లాట్‌ఫారం గడియారమూ, రైలు మూరా ప్లాట్‌ఫారం మూరా ఒకటి కావు. వేర్వేరు మూరలతో కొలిచినవి మామూలు కూడికకు లొంగవు.

'బరువు గల' అన్నది వ్యర్థపదం కాదు. బరువు లేని వెలుగుకు ఇంకో రకం రాదు వర్తిస్తుంది, 'ఈత రాదు' అన్నచోటి రాదు. దానికి నిలబడడం రాదు. శూన్యంలో పుట్టిన క్షణం నుంచీ ఆ ఒక్క వడే.

అలంకారం: స్వభావోక్తి. అతిశయోక్తి అని కొందరు పొరబడతారు.

పాఠాంతరము
'అందుకోరాదు' అన్నచోట 'దాటినది' అని 2011లో ఒక పాఠం బయటపడింది. జెనీవా నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో దాకా 730 కిలోమీటర్లు పోయిన న్యూట్రినోలు, వెలుగు కన్నా 60 నానోసెకన్లు ముందే చేరినట్టు లెక్క తేలింది. లోకమంతా గగ్గోలు. న్యూట్రినోకు కాస్తంతైనా బరువుంది మరి. 2012లో పరిష్కర్తలు కారణం పట్టుకున్నారు. కాలం లెక్క చెప్పే ఫైబర్ కేబుల్ ఒకటి సరిగ్గా బిగించలేదట. లేఖకదోషం.