ఎంగిలి గాలి

పదకొండు రోజులైంది నా పిస్టల్ కడుపు నిండి. మొన్న 130, నిన్న 128, ఇవాళ పొద్దున 125. దాని ఆకలి 200.

యాభై మూడేళ్ల వయసులో ఎయిర్ పిస్టల్ ఏమిటని అడక్కండి. మోకాళ్లు షటిల్‌ని వద్దన్నాయి. ఈ ఆటలో పరుగులేదు, ఒక చెయ్యి చాపి నిలబడటమే అన్నారు. 10 మీటర్ల దూరంలో 11.5 మిల్లీమీటర్ల చుక్క, అంటే చొక్కా గుండీ అంత. దాన్ని కొడితే పది మార్కులు. అలా 60 సార్లు కొట్టాలి. గుండుని తోసేది మందు కాదు, గాలి. గొట్టం కింద చిన్న టార్చిలైటులా ఒక సిలిండర్ ఉంటుంది. అందులోకి 200 బార్ల ఒత్తిడితో గాలి కూరాలి. మీ కారు టైర్లో ఉండేది రెండు బార్ల పైచిలుకు, అంతే.

కూరడానికి రేంజిలో ఓ మూల పెద్ద ట్యాంకు ఉంది. అదే నా బాధ.

"అంత పెద్ద ట్యాంకులో గాలి ఉంటే, ఇంత పిసరు డబ్బా నిండకపోవడమేంటండీ?" అంది మా ఆవిడ. పక్కింటాయనా ఇదే అన్నాడు. నీరు పల్లమెరిగినట్టే గాలీ ఎరుగుతుంది. రెండూ కలిపితే ఒత్తిడి సమానమయ్యేదాకానే పారుతుంది, తరవాత కదలదు. ట్యాంకులో 130 ఉంటే నాకొచ్చేది 130. పైగా ఇది 200 బార్ల ట్యాంకు, 12 లీటర్లది. నా సిలిండర్ చాయ్ గ్లాసంత. సగానికి వచ్చిన సిలిండర్ ఒక్కటి నింపితే ట్యాంకులో దాదాపు ఒక బార్ తరుగుతుంది. లెక్క వేసుకోండి. 200 బార్ల ట్యాంకులోంచి నిండా 200 ఎవడికీ రాదు. మొదటివాడికి 199. తక్కినవాళ్లందరికీ వాడి ఎంగిలి. 300 బార్ల ట్యాంకులని ఉన్నాయి, అవైతే చివరివాడికీ దక్కుతుంది. మా రేంజివాళ్లకి ఆ సంగతి తెలుసు. తెలిసి నవ్వుతారు.

2024లో పారిస్ ఒలింపిక్స్ షూటింగ్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చిందా, అంతకుముందే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్లో రజతం కొట్టిందా, ఇక చూడండి. బళ్లకి టిఫిన్ బాక్సులతో పోవాల్సిన పిల్లలంతా పిస్టల్ పెట్టెలతో ఐదున్నరకే హాజరు. నేను ఆరుంబావుకి వెళ్తాను. ట్యాంకు ముందు తొమ్మిదిమంది. "అంకుల్, మీరు ముందు నింపుకోండి" అనే పిల్ల ఒక్కతీ లేదు. దేశం బాగుపడుతోంది, సరే.

నింపడం కూడా ఒక తంతు. పిస్టల్ నుంచి సిలిండర్ విప్పాలి, ట్యాంకు మూతికి మరబిగించాలి, గాలి వదిలే స్క్రూ మూసి ఉందో లేదో చూడాలి, అప్పుడు వాల్వు కొద్దికొద్దిగా తిప్పాలి. గబుక్కున తిప్పితే సిలిండర్ వేడెక్కి, గేజి 150 అని ఆశపెట్టి, చల్లారాక 140కి దిగుతుంది. పెళ్లిచూపుల నాటి జీతం, పెళ్లయ్యాక జీతం లాగా. బుస ఆగాక వాల్వు కట్టేసి, మధ్యలో ఇరుక్కున్న గాలిని ఆ స్క్రూతో వదలాలి. ఫట్‌మంటుంది. మొదటివారం నేనది మరచిపోయాను. సిలిండర్ ఊడి రాలేదు. ఆవకాయ జాడీ మూతలా చేతిరుమాలు చుట్టి మరీ తిప్పుతుంటే, ఏడో క్లాసు కుర్రాడొచ్చి వేలితో స్క్రూ వదిలి వెళ్లాడు. ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేది.

మూతంటే గుర్తొచ్చింది. సిలిండర్ మూతికి దుమ్ము పడకుండా నల్లటి చిన్న ప్లాస్టిక్ మూత ఇచ్చారు. రెండో రోజుకే పోయింది. ఆశ్చర్యపోలేదు. గాలి ఉన్నచోట మూత నిలవదన్నది నా జీవితానుభవం. 1989లో కొన్న సైకిలు మూతలతో మొదలుపెట్టండి. పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు మూత విప్పుతాడు, అరచేతిలో పెట్టుకుంటాడు, రెండో చక్రానికి వెళ్తాడు, లేచేసరికి అరచెయ్యి ఖాళీ. "ఏదబ్బాయ్?" అంటే, "పెట్టేశా సార్" అంటాడు. వంగి చూస్తే ఉండదు. ప్రస్తుతం నా కారుకి నాలుగు చక్రాలు, ఒక స్టెప్నీ, ఒకటిన్నర మూత. ఆ సగం మూత ఎలా వచ్చిందో నాకూ తెలీదు. ఓసారి పంతం పట్టి స్టీలు మూతలు కొని బిగించాను, అవి రెండు రోజుల్లో వెళ్లిపోయాయి. ప్లాస్టిక్‌వైతే నాలుగు రోజులుంటాయి. అంటే దొంగకి కూడా నాణ్యత తెలుసు. మా అల్లుడైతే పుర్రె బొమ్మలున్న మూతలు ఆన్‌లైన్లో తెప్పించాడు. మూడు పుర్రెలు పోయాయి, నాలుగోది వాడే తీసి బీరువాలో దాచాడు. ఇన్ని కోట్ల బళ్ల మూతలు ఎక్కడికి పోతున్నాయి? ఏ బంకు వెనకాలో నల్లమూతల గుట్ట ఒకటి ఉండే ఉంటుంది. నేనెప్పటికైనా కనుక్కుంటాను.

సరే, గాలి. సొంత ట్యాంకు కొనుక్కుంటే పీడా పోతుందనుకున్నాను. దాన్ని నింపేదెవరు? విశాఖలో అయితే సముద్రంలోకి దిగేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర కంప్రెసర్ ఉంటుంది. హైదరాబాదులో దిగడానికి హుస్సేన్ సాగరే ఉంది. వెల్డింగ్ సిలిండర్లమ్మే దుకాణానికి వెళ్లాను. "గాలి లేదు సార్, ఆక్సిజన్ ఉంది. దానికన్నా మంచి గాలేముంది?" అన్నాడాయన, ఆప్యాయంగానే. ఎక్కడైనా చుక్క గ్రీజు తగిలితే ఆక్సిజన్ భగ్గుమంటుందనీ, పిస్టల్లో అది ఎక్కించకూడదనీ చదివి ఉన్నాను కాబట్టి ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

చివరికి కోచ్ దగ్గర మొర పెట్టుకున్నాను. నా కొడుకు వయసు కుర్రాడు. "సార్, లోపల రెగ్యులేటర్ ఉంది కదా. 200 ఉన్నా 130 ఉన్నా గుండు వెనక పడే గాలి ఒకటే. 130తో అరవై షాట్లూ వచ్చి ఇంకా మిగుల్తుంది" అన్నాడు. నాకు తెలియదా? మొదటి రోజే తెలుసు.

ట్యాంకు నింపి తెచ్చిన రోజున, అంటే పదకొండు రోజుల కిందట, ఎలాగో క్యూలో నేనే మొదటివాణ్ణయ్యాను. గేజి ముల్లు 199 మీద నిలబడింది. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చూశాను. ఆ రోజు అరవై షాట్లకి 498. అంత తక్కువ నేనెప్పుడూ కొట్టలేదు. నలభయ్యో షాటు నుంచి చెయ్యి వణికింది. ఊపిరి పట్టాల్సిన చోట పట్టు దొరకలేదు. ఆరు పడ్డప్పుడల్లా ముల్లు వైపు చూశాను. అది నిండుగానే ఉంది. అనడానికి ఇంకెవరూ లేరు. పిల్లలు పెట్టెలు సర్దుకుని బళ్లకి వెళ్లిపోయారు, నేను కాసేపు బెంచీ మీద కూర్చుని వచ్చేశాను.

రేపు మళ్లీ ఆరుంబావుకి వెళ్తాను. ట్యాంకు 124 దగ్గర ఉంటుంది. మీలో ఎవరికైనా 300 బార్లకి పొడిగాలి నింపేవాళ్లు నగరంలో తెలిస్తే దయచేసి నాకు చెప్పకండి. నల్లటి చిన్న మూత దొరికితే మాత్రం చెప్పండి.