కోచ్ సారునూ పోరలనూ కలిపే విధానం: సంఘ పెద్దలకు సూచనలు

మీ చర్చి యూత్‌కు ఒక వాలీబాల్ టీము ఉంది. దానికి ఒక కోచ్ దొరికాడు. బళ్లో పీఈటీ సారు కావచ్చు, డిగ్రీ అయిపోయి ఊళ్లోనే ఉండిపోయిన పెద్ద పోరడు కావచ్చు. ఎవరైనా జీతం మాత్రం లేదు. ఇప్పుడు వీళ్ల మధ్య ఐక్యత పెంచాలని కమిటీ తీర్మానించింది. మీది సీఎస్ఐ అయితే పాస్టరేట్ కమిటీలో తీర్మానించి ఉంటారు, స్వతంత్ర సంఘమైతే అయ్యగారి ఇంటి వరండాలో. ఎక్కడైతేనేం, మంచి ఆలోచన. మన జుక్కల్ మండలంలో ఇది మరీ అవసరం. అటు పోతే దెగ్లూరు, మహారాష్ట్ర. ఇటు పోతే ఔరాద్, కర్ణాటక. ఒకే టీములో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ, లంబాడీ మాట్లాడే పోరలు. ఇంతకాలం ఒకడు లేపిన బంతిని ఇంకొకడు ఎట్లా కొట్టాడో ఆ దేవునికే ఎరుక. కమిటీ చెయ్యి పడకుండా జరిగిన పనిని నమ్మకూడదు.

మొదట ప్రారంభ సభ పెట్టాలి. స్థలం కోసం వెతకక్కర్లేదు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, రాళ్లేరి, నీళ్లు చల్లి, సున్నం గీతలు గీసి ఉంచిన నేల ఊళ్లో ఒక్కటే ఉంది. షామియానా గుంజలు అక్కడే పాతించండి. గుంతలు పోరలే పూడ్చుకుంటారు. అందరూ కలిసి పూడుస్తారు కాబట్టి దాన్ని కూడా ఐక్యత కార్యక్రమాల్లో రాసుకోవచ్చు. సభ సాయంత్రం 5 గంటలకు పెట్టండి. సరిగ్గా ప్రాక్టీసు వేళ కాబట్టి ఊళ్లో ఉన్న పోరలంతా అక్కడే దొరుకుతారు, ఒక్కొక్కరికీ కబురు పెట్టే శ్రమ తప్పుతుంది.

ఫ్లెక్సీ విషయంలో పొదుపు పనికిరాదు. పెద్దల ఫొటోలు పెద్దగా, దాతల ఫొటోలు ఇంకా పెద్దగా ఉండాలి. కోచ్ ఫొటో కింద మూలన వేయండి, ఫ్లెక్సీ కట్టే తాడు వెళ్లే చోట. టీము ఫొటో దొరక్కపోతే ఇంటర్నెట్‌లోంచి ఏదో ఒక టీము తీసుకోండి. అందరూ బనియన్లే కదా, దూరం నుంచి తేడా తెలియదు. వక్తలందరికీ రెండు నిమిషాలే అని చెప్పండి. ఎవరూ పాటించరు, కానీ చెప్పినట్టు ఉంటుంది. ప్రార్థన, ఆహ్వానం, శాలువాలు, సందేశం, మళ్లీ ప్రార్థన. కోచ్‌ను ఆఖరున పిలవండి. అప్పటికి చీకటి పడుతుంది, బంతి కనపడదు, ఇక ఆయన ఎంతసేపు మాట్లాడినా నష్టం లేదు.

తర్వాత పరిచయాల ఆట. గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ పేరు, తరగతి, కంఠత వాక్యం చెప్పమనండి. ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాళ్లకు పేర్లు తెలియవా అని ఎవరైనా అడగొచ్చు. వాళ్లకు తెలుసు, తెలియనిది మీకే. ఆ సంగతి పైకి రాకుండా ఉండడానికే ఈ ఆట కనిపెట్టారు.

ఇక ఆట మొదలయ్యే ముందు కోర్టు పెద్దలకు ఇవ్వాలి. దీనికి చరిత్రలో ఆధారం ఉంది. వాలీబాల్ చర్చి వాళ్లకు కొత్తేమీ కాదు. 1895లో అమెరికాలోని హోలియోక్ అనే ఊళ్లో, వైఎంసీఏలో పనిచేసే విలియం మోర్గాన్ దీన్ని తయారుచేశాడు. నాలుగేళ్ల ముందే మరో వైఎంసీఏ మాస్టారు జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ పుట్టించాడు కానీ, అది వయసు మళ్లిన వ్యాపారస్తులకు ఆయాసం తెప్పించేది. వాళ్ల కోసమే మోర్గాన్ నెట్టు అడ్డంగా కట్టి, ఒకరినొకరు గుద్దుకోని ఆట ఒకటి ఇచ్చాడు. అంటే ఈ ఆటకు అసలు హక్కుదారులు ఎవరు? పొట్టలున్న మనమే. కాబట్టి ప్రతి ప్రాక్టీసులో మొదటి గంట పెద్దలు ఆడాలి, పోరలు గీత అవతల నిలబడి బంతులు ఏరాలి. కోచ్ మీకు సర్వీసు ఎట్లా వేయాలో చూపించబోతే వారించండి. ఆయన వచ్చింది పోరల కోసం.

నమ్మకం ఆటలు కూడా పెట్టండి, ఈ మధ్య ప్రతి క్యాంపులో పెడుతున్నారు. ఒకడు కళ్లు మూసుకుని వెనక్కి పడాలి, మిగిలినవాళ్లు పట్టుకోవాలి. ఈ పోరలు రోజూ సాయంత్రం ఒకడి భుజాల మీద ఒకడు ఎక్కి వేపచెట్టు కొమ్మకు నెట్టు కడుతున్నారు, అప్పుడు జారినవాణ్ని పట్టుకున్నది కూడా వీళ్లే. అయితే దానికి ఫెసిలిటేటర్ లేడు, ఫొటో లేదు, సర్టిఫికెట్ లేదు. అందుకని లెక్కలోకి రాదు. కోశాధికారి గారిని వెనక్కి పడమనకండి. పోరలు పట్టుకోరని కాదు, ఆయన బరువు సంగతి.

ఇప్పుడు ఆదివారం సంగతి. ఇది నాజూకైన విషయం, జాగ్రత్తగా వినండి. మన దగ్గర టోర్నమెంట్లన్నీ ఆదివారమే పెడతారు, ఆరాధన కూడా ఆదివారమే. కోచ్ వచ్చి, మొదటి ఆరాధనకు వచ్చి ఆ తర్వాత బిచ్కుందకో మద్నూరుకో పోతాం అయ్యగారూ అంటాడు. అప్పుడు ఎరిక్ లిడెల్ కథ తీయాలి. 1924 పారిస్ ఒలింపిక్స్. స్కాట్లాండ్ పోరడు, 100 మీటర్ల పరుగులో పేరున్నవాడు. హీట్స్ ఆదివారం పడ్డాయని పరుగెత్తనన్నాడు. తర్వాత తనది కాని 400 మీటర్లు పరుగెత్తి 47.6 సెకన్లలో బంగారు పతకం కొట్టాడు. అదే ఏడాది డిసెంబర్ 25న మన మెదక్ కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. రెంటికీ సంబంధం ఏమీ లేదు, కానీ సందేశంలో కలిపి చెబితే బరువుగా ఉంటుంది.

కథ అక్కడే ఆపండి. ముందుకు పోతే చిక్కు. లిడెల్ మిషనరీగా చైనాకు పోయాడు. యుద్ధం వచ్చింది, 1943లో జపాన్ వాళ్లు ఆయన్ను వైషియెన్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టారు. తల్లిదండ్రులకు దూరమైన బడిపిల్లలు ఎంతోమంది అక్కడ ఉన్నారు. వాళ్లకు పాఠాలు చెప్పాడు, ఆటలు పెట్టాడు, విరిగిన హాకీ కర్రలు తనే కట్టి ఇచ్చాడు. ఆదివారం మాత్రం ఆటల్లేవన్నాడు. పిల్లలు ఊరుకోలేదు. వాళ్లంతట వాళ్లే హాకీ మొదలుపెట్టి, రెఫరీ లేక కొట్టుకున్నారు. ఆ తర్వాత ఆదివారం ఆయనే విజిల్ పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. ఒలింపిక్ పతకం కోసం వదలని ఆదివారాన్ని పిల్లల తగాదా తీర్చడానికి వదిలాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే మెదడులో కంతితో చనిపోయాడు. ఈ భాగం పోరల చెవిన పడితే వచ్చే ఆదివారం మిమ్మల్నే విజిల్ పట్టమంటారు. కోచ్‌కు తెలిసినా కష్టమే. కాబట్టి పారిస్‌తో ముగించి కానుక పాట అందుకోండి.

టీములో మన సంఘం కాని పోరలు ఉంటారు. జుక్కల్‌లో ఉండక తప్పదు. స్మాష్ కొట్టేవాడు సాయిబుల పిల్లవాడు, లిఫ్ట్ ఇచ్చేవాడు తండా నుంచి వస్తాడు. ఐక్యత అంటే ముందు మనవాళ్ల ఐక్యత. బాప్తిస్మ పత్రం జిరాక్సు అడగండి. లేనివాళ్లను బయట నిలబెట్టండి. టీము శుభ్రపడుతుంది. స్కోరు బోర్డు అంతకంటే శుభ్రంగా ఉంటుంది. పత్రాలు అడగకపోతే ఏమవుతుందో చూడండి. హారీ క్రో బక్ అని ఒకాయన ఉండేవాడు. 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు, దేశమంతా పీఈటీ సార్లను తయారుచేసిన బడి అది. అదే 1924లో పారిస్‌కు మన దేశపు జట్టును వెంటబెట్టుకుని పోయింది కూడా ఆయనే. ఆ జట్టులో దలీప్ సింగ్ ఉన్నాడు, లక్ష్మణన్ ఉన్నాడు. పత్రాలు అడిగే కమిటీ పాపం ఆయనకు లేకపోయింది.

ఆడపిల్లలు మేమూ ఆడతామంటే నెట్టు సమస్య చెప్పండి. మగవాళ్లకు నెట్టు 2.43 మీటర్ల ఎత్తున ఉండాలి, ఆడవాళ్లకు 2.24. రోజూ ఆ 19 సెంటీమీటర్లు దింపి ఎక్కించేది ఎవరు? వాళ్లకు మంచినీళ్ల బాధ్యత ఇవ్వండి.

విహారయాత్ర లేకుండా ఐక్యత పూర్తి కాదు. కౌలాస్ కోట మన మండలంలోనే ఉంది, కౌలాస్ నాలా ప్రాజెక్టు కూడా ఇక్కడే. దగ్గర కాబట్టి వద్దు. పోరలు కోట గోడలెక్కుతారు, కోచ్ కూడా ఎక్కుతాడు, కిందికొచ్చేసరికి ఎవడు కోచో ఎవడు పోరడో తెలియకుండా దుమ్ము కొట్టుకుని ఉంటారు. అట్లాంటి సాన్నిహిత్యం క్రమశిక్షణకు మంచిది కాదు. మెదక్ తీసుకెళ్లండి. డీసీఎంలో పోరలు, ఏసీ కారులో పెద్దలు. కోచ్‌ను కారులో కూర్చోబెట్టండి, అది గౌరవం. డీసీఎంలో పాటలుంటాయి, అంత్యాక్షరి ఉంటుంది, ఒకడికి వాంతులు కూడా అవుతాయి. అవేవీ ఆయనకు అంటకూడదు.

కెథెడ్రల్ దగ్గర చెప్పాల్సిన చరిత్ర చాలా ఉంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టించాడు. గంట గోపురం 175 అడుగులు. కరువులో జనానికి ఉట్టి దానం చేయకుండా పని ఇచ్చి, పనికి బువ్వ పెట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాళ్లు మోసినవాళ్లు, బువ్వ వండినవాళ్లు, దొర, మేస్త్రీ ఒకే చోట అన్నేళ్లు పనిచేశారు. వాళ్లకు ఐక్యత కార్యక్రమం ఎవరు పెట్టారో పుస్తకాల్లో కనపడదు. అందుకే ఈ భాగం వేగంగా దాటించి, గాజు కిటికీల ముందు గ్రూపు ఫొటో దగ్గరికి వచ్చేయండి. ఫొటోలో పోరలు కింద కూర్చోవాలి. తిరుగు దారిలో ప్రేమ విందు. బగారన్నం, కూర ముందు పెద్దలకు వడ్డించండి, కూరలో మాంసం ముక్కలు అడుగున ఉంటాయన్న భ్రమ పోరలకు ఉండనివ్వండి.

ఈ కార్యక్రమాలన్నీ ఎప్పుడు పెట్టాలి? మన పోరల్లో చాలామంది గురుకులాల్లో చదువుతారు. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికే ఇంటికొస్తారు. ఇంటికొచ్చినా సోయా కోతలకో పత్తి ఏరడానికో పోతారు. కాబట్టి ఆగస్టు మంచి నెల. టీములో చాలామంది ఊళ్లో ఉండరు, చెప్పిన మాటకు ఎదురుచెప్పేవాళ్లు ఉండరు. పెట్టిన కుర్చీలు పెట్టినట్టే ఉంటాయి.

బంతి గురించి ఒక మాట. కొత్త బంతి కొంటే దాన్ని పాస్టర్ గారి గదిలో బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి కోశాధికారి దగ్గర ఉండాలి. ఆయన పత్తి వ్యాపారం మీద మద్నూరు పోయి ఉంటే బంతి భద్రంగా ఉన్నట్టే. కోచ్ తన జేబులోంచి పెట్టి పాత బంతికి పంచరు వేయిస్తే ఆక్షేపించండి, రసీదు లేదు. పోరలు సాయంత్రాలు ప్రభుత్వ బడి గ్రౌండులో ఆ పంచరు బంతితో, ఆ కోచ్‌తో, మీరు బయట నిలబెట్టినవాళ్లతో కలిసి ఆడుతున్నారని కబురు వస్తుంది. సైకిళ్ల హ్యాండిళ్లకు నెట్టు చుట్టుకుని పోతున్నారని కూడా వస్తుంది. కంగారుపడకండి. అది అనధికార కార్యక్రమం.

అధికారిక నివేదికలో ఐక్యత సాధించినట్టు రాసేయండి. ఎంతమంది పాల్గొన్నారు అన్న గడి దగ్గర ఆగిపోతే, షామియానా వాడి రసీదు చూడండి. కుర్చీలు ఎన్ని తెచ్చాడో అందులో ఉంటుంది.