రెండు సెకన్ల వాలు

మా వీధి మొగలో ఫ్లెక్సీ వెలిసింది. మీ వీధిలోనూ వెలిసే ఉంటుంది. 'రెండు బిందువులు చెప్పండి, రెండు సెకన్లలో వాలు తీస్తాం.' చేతులు కట్టుకుని నిలబడ్డ సారు, ఆయన పక్కన రాకెట్టు, కింద 'ఆరో తరగతి నుంచే'. రేపోమాపో ఎల్‌కేజీకి కూడా బ్యాచి పెడతారు, కంగారు పడకండి.

ఆ రహస్యమేమిటో చూద్దామని డెమో క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. బిందువులు రెంటినీ ఒకదాని కింద ఒకటి రాయాలట. కింది వరసలోంచి పై వరస తీసేయాలట. కుడివైపు తేలింది పైన, ఎడమవైపు తేలింది కింద. (2, 3), (5, 9) ఇచ్చారనుకోండి: 6 బై 3, వాలు 2. చప్పట్లు. అయ్యా, ఇది మన పాత వై2 మైనస్ వై1 బై ఎక్స్2 మైనస్ ఎక్స్1 కాదూ? పుస్తకంలో అడ్డంగా ఉన్నదాన్ని మీరు నిలువుగా రాశారు. దానికి ఫీజు. (వాయిదాల్లో కట్టొచ్చు. ఆపాటి దయ ఉంది.)

పోనీ, ఆ రెండు సెకన్ల సంగతే చూద్దాం. ఎంసెట్‌లో (పేరు మార్చినా మా నోట ఎంసెట్టే) 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 67 సెకన్ల పైచిలుకు. వాలుకు కావలసింది రెండు తీసివేతలు, ఒక భాగహారం. నత్తనడకన చేసినా పది సెకన్లు. మిగిల్చిన ఆ ఎనిమిది సెకన్లూ ఏం చేసుకోవాలని అడిగాను. 'నెక్స్ట్ క్వశ్చన్' అన్నారు సారు.

ఆ నెక్స్ట్ క్వశ్చన్లోనే వస్తుంది నిలువు గీత. (4, 1), (4, 7). ఆ బ్యాచిలోనే చేరిన మా పక్కింటి కుర్రాడు సర్రున 6 బై 0 దాకా వచ్చి ఆగాడు. 'జీరో అంకుల్' అన్నాడు. నిలువు గోడను ఒక్క మాటతో నేల చేసేశాడు! సున్నాతో భాగించకూడదురా, ఈ గీత వాలు నిర్వచించలేం అంటే, 'ట్రిక్కులో అలా రాదు' అన్నాడు.

సరే, మొదటి లెక్కనే తిరగేసి, పై వరసలోంచి కింది వరస తీయమన్నాను. చెంపలేసుకున్నంత పని చేశాడు. 'అలా తీస్తే తప్పు, సార్ ఒప్పుకోరు.' మైనస్ 6 బై మైనస్ 3 కూడా రెండేరా నాయనా! వైలు ఏ వరసలో తీస్తే ఎక్స్‌లూ ఆ వరసలోనే తీయాలి, అంతే. ఎక్కడ మొదలెట్టినా గీత అదే, వాలు అదే. వాడు నా వంక జాలిగా చూశాడు. రెండో బిందువుతోనే మొదలెట్టాలన్నది వాళ్ల బ్యాచిలో వేదవాక్కు మరి.

మా అమ్మమ్మ బడి గడప తొక్కలేదు, అయినా వాలంటే ఏమిటో తెలుసు. కొండెక్కడానికి అలిపిరి దారిన 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిన 2,388. దగ్గరి దారే నిటారు దారి అని ఆవిడ మోకాళ్లకు తెలుసు.

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. పోయిన నెల పింఛను పని మీద మా నాన్నగారిని చక్రాల కుర్చీలో ఒక ఆఫీసుకు తీసుకెళ్లాక నవ్వు రావడం లేదు. గుమ్మం ముందు మూడు మెట్లు, అడుగున్నర ఎత్తు. ర్యాంపుకు ఒకటికి పన్నెండు ఉండాలి, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవన్నమాట. అంటే ఇక్కడ పద్దెనిమిది అడుగులు. పోసింది నాలుగు. ఉండాల్సినదానికి నాలుగున్నర రెట్లు నిటారు. నేను వెనక నుంచి నెడుతున్నాను. ఆయన పట్టుకోవడానికి రెయిలింగ్ వెతుక్కుంటున్నారు. లేదు. ఇది గీసినవాడు పరీక్షలో వాలు లెక్క తప్పాడా? తప్పలేదు, మార్కు కొట్టే ఉంటాడు. సంతకం పెట్టినవాడూ కొట్టే ఉంటాడు, బిల్లు పాస్ చేసినవాడూ కొట్టే ఉంటాడు. సిగ్గు లేదూ? ఆ భిన్నం మీద ఒక ముసలాయన కుర్చీ ఎక్కాలని ఇంతమందిలో ఒక్కడికీ తట్టలేదు. ఇలాంటివాళ్లే గీస్తే, మన మురుగుకాలువ ఎటు వాలిందో మురుగుకే తెలియకపోవడంలో వింతేముంది?

నిన్న సాయంత్రం పక్కింటి కుర్రాణ్ణి పిలిచి ఆ ర్యాంపు ఇచ్చాను. అడుగున (0, 0), పైన (4, 1.5).

'త్రీ బై ఎయిట్' అన్నాడు. నిజంగానే రెండు సెకన్లు.

'అయితే తాతగారి కుర్చీ ఎక్కుతుందా, ఎక్కదా?'

'ఆప్షన్లు చెప్పండి అంకుల్.'